కూలి, అద్దె: ఒకే అధ్యాయం

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన దాసుడు, అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ శాంతి శుభాలు వర్షించు గాక.



ఫిఖ్హ్ గ్రంథాలలో 'ఇజారా' అనే అధ్యాయం ఒకటి ఉంటుంది. మదరసాలో చదువుకునే రోజుల్లో మేము దానిని పరీక్ష కోసం కంఠస్థం చేశామే గాని, ఆ పేరు గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఒక మనిషి తన శ్రమను కొంతకాలానికి మరొకరికి అప్పగించి ప్రతిఫలం పుచ్చుకుంటే అది ఇజారా. ఒక యజమాని తన ఇంటి వాడకాన్ని కొంతకాలానికి మరొకరికి అప్పగించి ప్రతిఫలం పుచ్చుకుంటే అదీ ఇజారాయే. కూలికీ, అద్దెకూ అరబీలో 'ఉజ్రత్' అన్న ఒకే మాట చెల్లుతుంది. మన తెలుగులో ఇవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి హోటలు గల్లాపెట్టె దగ్గర వినబడుతుంది, రెండవది ఇంటివారి గుమ్మం దగ్గర. ఈ రెంటినీ పూర్వ పండితులు ఒకే చూరు కింద ఎందుకు ఉంచారో మాకు గడచిన చలికాలంలో మన మస్జిద్ వరండాలో తెలిసివచ్చింది. ఆ సంగతి ఈ రోజు మీ ముందు చెప్పుకోవలసి ఉంది. చెప్పడం సులభం కాదు, ఎందుకంటే అందులో తప్పు మనది.

ఫజ్ర్ నమాజుకు వచ్చేవారిలో కొందరికి గుర్తుండే ఉంటుంది. వుజూ చేసే చోటుకు పక్కన, చెప్పుల అరకు ఆనుకుని, దుప్పటి ముసుగు పెట్టి ఒక యువకుడు పడుకుని ఉండేవాడు. అజాన్ వినబడగానే లేచి, దుప్పటి మడిచి సంచీలో పెట్టుకుని, మనతోపాటు నమాజు చేసి వెళ్ళిపోయేవాడు. వారంలో మూడు నాలుగు రోజులు ఇలా జరిగింది. ఎవరో తాగి పడుకుంటున్నాడని ఒకరన్నారు, దొంగేమో అని మరొకరన్నారు. కమిటీ కూర్చుని ఇషా తరువాత గేటుకు తాళం వేయాలని తీర్మానించింది. ఆ తీర్మానానికి మేమూ తల ఊపాము. అతనిని పిలిచి 'నాయనా, ఎవరివి?' అని ఒక్క మాట ఎవరమూ అడగలేదు.

తాళం పడిన వారం తరువాత స్టేషను దగ్గర టీ కొట్టు బల్ల మీద అతనే కనబడ్డాడు. అప్పుడు అడిగాము. నరసన్నపేట వైపు పల్లె. విశాఖపట్నంలో ఒక బిర్యానీ హోటలులో పని. అక్కడ గది అద్దె భరించలేక, విజయనగరంలో అయితే తక్కువకు వస్తుందని, మన ఊరిలోనే మరో ముగ్గురితో కలిసి ఒక గది తీసుకున్నాడు. హోటలు మూసేసరికి రాత్రి పదకొండున్నర. గిన్నెలు కడిగి, పొయ్యిలు తుడిచి, స్టేషనుకు పరుగెత్తి, హౌరా వైపు పోయే ఏదో ఒక బండిలో జనరల్ బోగీ పట్టుకుంటే ఇక్కడ దిగేసరికి ఒంటి గంట దాటుతుంది. అతని ఇంటి యజమాని రాత్రి పదకొండింటికే గేటుకు తాళం వేస్తారు. తలుపు కొడితే మర్నాడు గది ఖాళీ చేయమంటారు. నెల మొత్తానికీ అద్దె కట్టిన గదిలోకి రాత్రిపూట అతనికి ప్రవేశం లేదు. అందుకని అల్లాహ్ ఇంటి వరండాకు వచ్చాడు. అక్కడా మనం తాళం వేశాము.

ఆ గది యజమాని ఎవరో మాకు తెలుసు. పేరు చెప్పము. మన వరుసల్లో నిలబడి నమాజు చేసేవారే, మంచి మనిషి, మస్జిద్ మరమ్మతులకు ఉదారంగా ఇచ్చినవారు. ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారు, అర్ధరాత్రి గేటు చప్పుడు ఎలా భరించాలి అన్నది వారి ప్రశ్న. దానికి వేరే తాళంచెవి, వేరే దారి ఆలోచించవచ్చునని అప్పటివరకు వారికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

సోదరులారా! ఇజారాలో అద్దెకు బదులుగా యజమాని ఇచ్చేది గోడలనూ కప్పునూ కాదు, వాటి వాడకాన్ని. దానిని పండితులు 'మన్‌ఫఅత్' అన్నారు. వాడుకునే వీలు లేని ఇంటికి అద్దె లేదు. ఇల్లు కూలిపోతే, లేదా ఎవరైనా దౌర్జన్యంగా ఆక్రమిస్తే, ఆ రోజుల అద్దె అద్దెదారుపై ఉండదని గ్రంథాలలో చర్చ ఉంది. మరి పొద్దంతా పనిలో ఉండి రాత్రి మాత్రమే ఇల్లు కావలసిన మనిషికి, రాత్రే ఇల్లు మూసివేస్తే అతనికి అందిన వాడకం ఎంత? కొలతలలో తూనికలలో కోత పెట్టేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది, సూరతుల్ ముతఫ్ఫిఫీన్. ఆ హెచ్చరిక కిరాణా కొట్టు తక్కెడకే పరిమితమని మనం అనుకుంటూ వచ్చాము. అద్దె గది కూడా ఒక కొలతేనని ఆ కుర్రవాడు మాకు నేర్పాడు.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఈ ఖుత్బా ఎవరి గురించో వారు ఈ రోజు ఈ వరుసలలో లేరు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంట బిర్యానీ హోటలుకు అసలు గిరాకీ వేళ. దమ్ తీసిన హండీ ముందు నిలబడిన మాస్టరుకు, పార్సిల్ కౌంటరులో ఉన్న కుర్రవాడికి జుమా ఎలా అందుతుంది? వారి యజమానులలో కొందరు మాత్రం ఇక్కడ ఉన్నారు, అల్‌హమ్దులిల్లాహ్.

విశాఖ మనకు పరాయి ఊరు కాదు. 1950 వరకు శ్రీకాకుళం, 1979 వరకు ఈ విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలోనివే. జిల్లాలు విడిపోయాయి గాని పని మాత్రం అక్కడే ఉండిపోయింది. జగదాంబ కూడలి నుండి ద్వారకానగర్ వరకు, బీచ్ రోడ్డు నుండి రుషికొండ వరకు ఏ హోటలు వంటగదిలోకి వెళ్ళినా పలాస, టెక్కలి, పాలకొండ, చీపురుపల్లి, పార్వతీపురం యాసలు వినబడతాయి. ఇంకా దూరం పోగలిగినవారు హైదరాబాదు వెళ్ళారు. మన తాతల కాలంలో అయితే భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుండి ఓడ ఎక్కి రంగూన్ పోయేవారు. 'రంగం వెళ్ళాడు' అనేవారు మన పల్లెల్లో. అక్కడ రేవులో, బియ్యం మిల్లులలో పనిచేసి, ఇరుకు గదుల్లో పక్కపక్కన ఒదిగి పడుకున్నారు. 1930 మే నెలలో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నారు, 1942లో యుద్ధం ముంచుకొస్తే అడవులు దాటి నడిచి వచ్చారు. బయటి ఊరిలో చోటు కోసం అడుక్కోవడం ఎలా ఉంటుందో ఈ ప్రాంతపు ప్రజలకు మరొకరు వివరించనక్కరలేదు. మరచిపోయామంతే.

'అక్కడ అద్దెలు ఎక్కువైతే దూరంగా ఉండవచ్చు కదా, రైలు ఉంది కదా' అని మనలో చాలామంది అంటారు. ఆఫీసు ఉద్యోగికి ఆ మాట చెల్లుతుంది. అతను ఉదయం సీజను టికెట్టు మీద పాసింజరు ఎక్కి సాయంత్రం అదే దారిన తిరిగి రాగలడు. హోటలు పని అలా నడవదు. టిఫిను హోటలులో పిండి, చట్నీ పని తెల్లవారుజామున మొదలవుతుంది, భోజనాల హోటలు అర్ధరాత్రికి గాని మూయదు. మధ్యాహ్నం మూడింటి నుండి ఆరింటి వరకు 'బ్రేకు' అంటారు, అది జీతం లెక్కలోకి రాదు. ఇంటికి వెళ్ళి రావడానికి ఆ సమయం చాలదు, పడుకోవడానికి చోటు ఉండదు. పగలు రెండు ముక్కలై, ఆ ముక్కల మధ్య మనిషి బీచ్‌లోనో, ఫుట్‌పాత్ మీదో, మూసిన హాలులో రెండు బల్లలు జతచేసుకునో నడుము వాలుస్తాడు. దగ్గర ఉండాలంటే అద్దె ఎక్కువ, దూరం ఉండాలంటే ఆఖరి బండి దొరకదు. దూరపు ఊళ్ళలోనూ అద్దె నిలకడగా లేదు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగిన తరువాత తగరపువలస నుండి ఇటువైపు స్థలాల ధర గురించి జనం ఎలా మాట్లాడుకుంటున్నారో మీకు తెలియనిది కాదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ఊహించిన లెక్కే, కాని మీలో ఎవరికైనా ఇది వింతగా తోచదని అనుకుంటాము. ఒక సర్వరుకు నెలకు 14,000 రూపాయల జీతం అనుకోండి. భార్య, ఇద్దరు పిల్లలతో ఉండడానికి చిన్న పోర్షనుకు 5,500 అద్దె. కరెంటుకు, నీళ్ళకు 700. ఊరిలో తల్లికి 2,500. నెలలో రెండు రోజులు జ్వరం వచ్చి సెలవు పెడితే కోత 930. మిగిలింది 4,370. తాను హోటలులో తింటాడు కనుక, ఇంట్లో ముగ్గురికి తిండి, బడి, మందులు, బట్టలు అన్నిటికీ కలిపి రోజుకు సుమారు 145 రూపాయలు. ఇది గడ్డు లెక్క గాని అసాధ్యం కాదు, ఎలాగో నెట్టుకొస్తారు. అసలు ఇబ్బంది ఆ ఇంట్లో కాలు పెట్టకముందే మొదలవుతుంది. రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 16,500 ముందుగా చెల్లించాలి. అది అతని నెల జీతం కన్నా ఎక్కువ. ఎక్కడి నుండి తెస్తాడు? నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు 825 వడ్డీ. అంటే ఆ ఇంటికి నిజమైన అద్దె 5,500 కాదు, 6,325. ఆ పైమొత్తం ఇంటి యజమానికి చేరదు, వడ్డీ వ్యాపారికి చేరుతుంది. వడ్డీ నిషిద్ధమని ఈ మింబర్ మీది నుండి ఎన్నోసార్లు చెప్పాము. ఆ వడ్డీ గుమ్మం మన ఇళ్ళ 'టు లెట్' బోర్డు కిందనే తెరుచుకుంటోందని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

ప్రభుత్వాల లెక్క కూడా కొంచెం చూద్దాం. 1957లో పదిహేనవ భారత కార్మిక మహాసభ కనీస వేతనం ఎలా కట్టాలో ఒక ప్రమాణం ఏర్పరచింది. కుటుంబానికి తిండి, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం, ఇవన్నీ కలిసి రావాలన్నది. తిండితో పాటు తలపై కప్పు కూడా కూలిలో భాగమేనని ఆనాడే అంగీకరించారన్నమాట. ఇజారా అధ్యాయం చెప్పే బంధుత్వం ఇదే. అయితే 2020లో కేంద్రం ప్రచురించిన వేతన నియమాల ముసాయిదా ఇంటి అద్దెను తిండి, బట్టల ఖర్చులో పదవ వంతుగా లెక్కగట్టింది. తిండికీ బట్టకూ నెలకు 9,000 అయితే ఇంటికి 900! విశాఖలో సరే, మన కంటోన్మెంటులో 900 రూపాయలకు ఏ గది దొరుకుతుందో చూపించగలవారు ఎవరైనా ఉన్నారా? కాగితం మీది పదవ వంతు బస్తీలో మూడవ వంతై, కొన్నిచోట్ల సగమై కూర్చుంది.

ఇప్పుడు హోటలు నడిపే సోదరులతో. మీ కష్టం మాకు తెలియదనుకోకండి. మాంసం ధర, గ్యాసు ధర, మీ హోటలు స్థలానికి మీరు కట్టే అద్దె, పార్సిళ్ళు తీసుకుపోయే యాప్‌ల కమీషను, ఇవన్నీ మీ నెత్తిన ఉన్నాయి. మీరూ అద్దెదారులే. అయినా ఒక ప్రవక్త ఉదంతం వినండి. మూసా (అలైహిస్సలాం) ప్రాణభయంతో పరదేశంలో అడుగుపెట్టినప్పుడు ఆయనకు పని లేదు, నీడ లేదు. మద్యన్‌లో ఒక బావి దగ్గర ఎవరో ఆడపిల్లల మందకు నీరు తోడిపెట్టి, చెట్టునీడకు చేరి అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ పిల్లల తండ్రి ఆయనను పిలిపించి ఎనిమిదేళ్ళకు పనిలో పెట్టుకున్నాడు, మరో రెండేళ్ళు మూసా ఇష్టానికి వదిలాడు. నిన్ను ఇబ్బంది పెట్టాలని నాకు లేదు అన్న భావం ఆ పెద్దమనిషి మాటలో స్పష్టంగా ఉంది. గడువు ముందే తేలింది, షరతు ముందే తేలింది, పరదేశికి పనితోపాటు ఒక ఇల్లూ కుటుంబమూ దక్కాయి. ఇజారా గురించి చర్చించే పండితులు ఈ ఉదంతాన్ని ఊరికే ఎత్తుకోలేదు.

'భోజన వసతి కలదు' అని మీరు బోర్డు పెడతారు. ఆ వసతి అంటే ఏమిటో ఒక రాత్రి వెళ్ళి చూడండి. ఎనిమిది మందికి ఒక గది, ఒక కుళాయి, వంటగది పొగ పోయే కిటికీ అయితే, దానిని జీతంలో తగ్గించి లెక్కకట్టే ముందు అందులో మీ తమ్ముడు పడుకోగలడేమో ఆలోచించండి. మరొకటి, దీనికి పైసా ఖర్చు లేదు: అద్దె నెల మొదటి వారంలో కట్టాలి, మీరు జీతం పదో తారీఖున, అదీ అడ్వాన్సుల ముక్కలుగా ఇస్తారు. ఆ పది రోజుల ఎడమే ప్రతి నెలా అతనిని ఇంటివారి ముందు తలదించుకునేలా చేస్తుంది. పది మంది అంతకు మించి పనిచేసే చోట నెలకు 21,000 లోపు జీతగాళ్ళకు ఈఎస్ఐ ఉండాలి. కార్మికుడి వాటా నూటికి ముప్పావు రూపాయి, మీది మూడుంపావు. అది ఎగవేస్తే జ్వరం వచ్చిన వారం అద్దె డబ్బు ఆసుపత్రికి పోతుంది.

2020 మార్చి గుర్తుందా? 25వ తారీఖు నుండి దేశమంతా మూతపడింది. హోటళ్ళ పొయ్యిలు ఆరాయి, గదుల అద్దె ఆరలేదు. అదే నెల 29న కేంద్ర హోంశాఖ, వలస కార్మికుల నుండి నెల రోజులు అద్దె అడగవద్దని ఇళ్ళ యజమానులను ఆదేశించింది. ఎందరు పాటించారన్నది అటుంచి, ఎందరు కార్మికులకు ఆ ఆదేశం సంగతి తెలిసిందో అనుమానమే. పిల్లలను భుజాన వేసుకుని జాతీయ రహదారి మీద ఉత్తరానికి నడిచి వచ్చినవారికి మనమే తగరపువలస దగ్గర, రణస్థలం దగ్గర నీళ్ళూ పులిహోర పొట్లాలూ ఇచ్చాము. మంచి పనే. వారు ఎందుకు నడిచారన్నది ఆ పొట్లాలు కట్టేటప్పుడు మనం అడగలేదు.

మదీనా సమాజం మొట్టమొదట పరిష్కరించిన సమస్యలలో ఇల్లు ఒకటి. మక్కా నుండి వచ్చిన ముహాజిర్‌లకు పని లేదు, గూడు లేదు. దైవప్రవక్త (సఅసం) ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీకి సోదరునిగా జతచేశారు. సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారుకు దారి చూపమన్నారు. జున్నూ నెయ్యీ అమ్ముకుని నిలదొక్కుకున్నారు. ఎవరూ లేనివారికి మస్జిద్ వెనుక భాగంలోనే 'సుఫ్ఫా' అనే పందిరి వేశారు. అబూ హురైరా (రజి) అంతటివారు అక్కడ పడుకున్నవారే. మన తాళం గుర్తు వచ్చినప్పుడల్లా మాకు ఈ సుఫ్ఫా గుర్తుకు వస్తుంది.

స్వయంగా దైవప్రవక్త (సఅసం) కూడా కొన్ని నెలలు అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంటిలో, కింది అంతస్తులో ఉన్నారు. ఒక రాత్రి పైన నీళ్ళ కుండ పగిలింది. నీళ్ళు కిందికి కారి ప్రవక్తకు ఇబ్బంది కలుగుతుందేమోనని, ఆ దంపతులు తమకున్న ఒకే ఒక దుప్పటితో ఆ నీటిని అద్దివేశారు. ఆ చలిలో కప్పుకోవడానికి మరొకటి లేదు. ఇంటివారికీ ఇంట్లో ఉన్నవారికీ మధ్య ఇలాంటి రాత్రి ఒకటి గడిచింది మన చరిత్రలో.

(మొదటి ఖుత్బా ముగిసింది. కొద్దిసేపు కూర్చున్న తరువాత.)

సోదరులారా! మిగిలింది పని మాటలే.

కమిటీ బుధవారం కూర్చుంది. వరండా గేటు తాళం తీసివేశాము. రాత్రి బండ్లకు దిగి, తెల్లవారేదాకా చోటు లేనివారు ఎవరైనా, ఏ మతస్థులైనా, అక్కడ పడుకోవచ్చు. రెండు చాపలు, ఒక దీపం ఏర్పాటు అయ్యాయి. దుప్పట్లు మీరు తేవాలి. ఇది ఇల్లు కాదు, ఇంటికి బదులూ కాదు, కాని చలిలో టీ కొట్టు బల్ల కన్నా మేలు.

ఖర్జె హసనా నిధి ఒకటి మొదలుపెట్టాము. దీని పని ఒక్కటే: గది అడ్వాన్సుకు వడ్డీలేని అప్పు ఇవ్వడం, పది నెలల్లో తిరిగి తీసుకోవడం. జకాత్ సొమ్ము ఇందులో కలపము, లెక్క వేరుగా ఉంటుంది. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు, బాటసారులు ఉన్నారు కనుక, ఇప్పటికే వడ్డీలో కూరుకుపోయినవారి సంగతి ఆ నిధి నుండి విడిగా చూస్తాము. ఇంటి అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం సూచించింది. మన వరుసలలోని యజమానులు దానికన్నా దిగి ఒక నెలతో సరిపెట్టుకోవాలని అడుగుతున్నాము. ముగ్గురు ఒప్పుకున్నారు. నలుగురు ఆలోచిస్తామన్నారు. ఒకరు కోపగించుకున్నారు, ఆయనతో మళ్ళీ మాట్లాడతాము.

మొదట చెప్పిన ఆ గది యజమాని పక్క సందు వైపు చిన్న తలుపు పెట్టించి, దాని తాళంచెవి ఆ కుర్రవాళ్ళ చేతికి ఇచ్చారు. అల్లాహ్ ఆయనకు ప్రతిఫలం ప్రసాదించు గాక. అయితే ఆ తలుపు పడేనాటికి వరండాలో పడుకున్న ఆ యువకుడు ఊరు విడిచి వెళ్ళిపోయాడు. హైదరాబాదు అని అతని స్నేహితులు చెప్పారు. అతని ఫోను నంబరు మా దగ్గర లేదు. టీ కొట్టు దగ్గర మాట్లాడిన రోజున కూడా అడిగి రాసుకోవాలని తోచలేదు.

నమాజు తరువాత వరండాలో ఒక పుస్తకం ఉంటుంది. ఖాళీ గది ఉన్నవారు అద్దె ఎంతో, గేటు ఎన్నింటికి మూస్తారో స్పష్టంగా రాయండి. 'బ్యాచిలర్లకు ఇవ్వము' అని రాయవద్దు. మన పేర్లు విని 'ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామండీ' అన్న జవాబు విశాఖలో మనలో ఎందరు వినలేదు?

ఓ అల్లాహ్! రాత్రి ఆఖరి బండిలో తలుపు దగ్గర నిలబడి వచ్చేవారిని క్షేమంగా చేర్చు. కూలి ఆలస్యం చేసే చేతులనూ, గుమ్మం మూసే చేతులనూ, వాటిలో మావీ ఉన్నాయి, క్షమించు. నరసన్నపేట వైపు నుండి వచ్చిన నీ ఆ దాసునికి, ఈ రాత్రి అతను ఏ ఊరిలో ఉన్నా, పడుకోవడానికి చోటు ప్రసాదించు. ఆమీన్.

వరుసలు సరిచేసుకోండి.